ఇల్లు మారిన యంత్రము - తప్పిన గడియారము
(సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు సమావేశములలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగుట వాడుక. ఈ పర్యాయము కార్యవర్గమువారు, కచేరీలలో పనిచేయు మనవారి కందరకును ఉపయోగపడు విషయ మేదైన చెప్పుమని నన్ను ఆదేశించినారు. నేను ఇంజనీరును కాను. నేను చదివినది చరిత్ర. అయినను ఫైలు కాగితమును విడిచి తెరమీదికి వచ్చిన నాటినుండి, మనము వ్రాయు ప్రతి నోటు క్రిందను తేదీని, గంటను, నిమిషమును యంత్రమే వేయుచున్నది. ఆ ముద్రనుబట్టి ఎవరి దరఖాస్తు ముందు వచ్చినదో, ఏ టెండరు గడువు దాటినదో నిర్ణయించు బాధ్యత మావంటివారిది. కావున ఆ ముద్ర యెక్కడనుండి వచ్చుచున్నదో, ఎట్టి సమయమున తప్పుచున్నదో తెలిసికొనుట కేవలము ఇంజనీర్ల పని యని నే ననుకొనను.

ముఖ్యముగా ఒక సందర్భమున ఆ ముద్ర తప్పుచుండును. అది సర్వరును ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తరలించిన సందర్భము. నేడు మన కార్యాలయముల సర్వరులలో పెక్కు వర్చువల్ మెషీనులు. అనగా అవి వేరువేరు పెట్టెలు కావు. ఒకే పెద్ద యంత్రములో పది, ఇరువది యంత్రము లున్నట్లు నడపెడు ఏర్పాటు. కరోల్‌బాగులో ఒకే మేడలో నాలుగు కుటుంబములు వాటాలలో కాపుర ముండుటను మనలో చాలమంది యెరుగుదురు. ప్రతి కుటుంబమునకును తన గడప, తన వంటయిల్లు. కాని నీళ్ల ట్యాంకు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. అట్లే ప్రతి వర్చువల్ మెషీనును తనకొక ప్రత్యేకమైన యంత్ర మున్నదనియే భావించును. నిజమునకు దానికున్నది వాటా మాత్రమే. వాటాలు పంచిపెట్టు ప్రోగ్రామును హైపర్‌వైజర్ అందురు. మోయుచున్న పెద్ద యంత్రమును ఆతిథేయ మనియు, మోయబడుచున్న దానిని అతిథి యనియు ఈ ప్రసంగములో పిలిచెదను. ఇంగ్లీషులోను ఈ అర్థము గల మాటలనే వాడుదురు.

ఇక గడియారము మాట. కంప్యూటరులో కాలమును లెక్కించు సాధనములు ఒకటి కంటె నెక్కువ గలవు. మొదటిది బ్యాటరీతో నడచు చిన్న గడియారము. దీనిలోని స్ఫటికము సెకండునకు 32,768 మారులు కంపించును. యంత్రమును ఆపినను ఇది నడచుచునే యుండును. కాని మనము చేతికి పెట్టుకొను చవుక వాచీ కంటె ఇది గొప్పది కాదు. పది లక్షలలో ఇరువది పాళ్ల తేడా యున్నను, దినమునకు 1.7 సెకండ్లు తప్పును. రెండవది ప్రాసెసరులోనే యుండు లెక్కింపు సాధనము. దీనిని టి.ఎస్.సి. యందురు. ఇది సెకండునకు వందల కోట్ల మారులు ఒక్కొక్క అంకె పెరుగుచుండును. యంత్రము మేల్కొనగానే మొదటి గడియారమును ఒకసారి చూచి, గంట తెలిసికొని, అటుపిమ్మట ఈ లెక్కింపు సాధనమును చూచుకొనుచు కాలము గడపును. మన పూర్వులు గడియకుడుకను నీటిపై వదలి, అది యెన్నిసార్లు మునిగెనో లెక్కించి ముహూర్తము తెలిసికొనిన పద్ధతియే యిది. కుడుక వేగముగా మునుగుచున్నది, అంతే.

అతిథి యంత్రమునకు ఈ రెండును సొంతము కావు. దానికి కనబడు బ్యాటరీ గడియారము హైపర్‌వైజర్ చూపెడు బొమ్మ. దానికి కనబడు లెక్కింపు సాధనము ఆతిథేయపు ప్రాసెసరుదే. పూర్వము అతిథి యంత్రములు సెకండునకు నూరో వేయో మారులు తట్టుడు వినబడగా ఆ తట్టుళ్లను లెక్కించి కాలము తెలిసికొనెడివి. పని యొత్తిడిలో ఆతిథేయము ఈ అతిథిని కొంతసేపు నిద్రపుచ్చినచో, ఆ నిద్రలో కొట్టిన తట్టుళ్లు దానికి వినబడవు. గడియారము వెనుకబడును. నేటి పద్ధతులు ఇంతకంటె మెరుగైనవి. ఉదాహరణకు కె.వి.ఎం. అను హైపర్‌వైజర్, కాలమును, ప్రాసెసరు వేగమును ఒక పుటలో వ్రాసి అతిథికి చూపును. అతిథి ఆ పుటను చదివి, గుణించి, వేళ తెలిసికొనును. అయినను ఆ పుటలో వ్రాసెడు చేయి ఆతిథేయమే.

అతిథిని ఒక ఆతిథేయమునుండి మరియొక ఆతిథేయమునకు, పని ఆపకుండ, తరలింపవచ్చును. వినుటకు విడ్డూరముగ నుండును గాని పద్ధతి సులభముగనే బోధపడును. అతిథి పని చేయుచుండగనే దాని జ్ఞాపకములోని పుటలన్నియు క్రొత్త యంత్రమునకు నకలు తీయబడును. ఆ నకలు తీయునంతలో మారిన పుటలను మరల తీయుదురు. మిగిలినవి కొన్నియే అనగా అతిథిని ఒక క్షణము ఆపి, ఆ కొన్నిటిని తెచ్చి, క్రొత్త యింట లేపుదురు. 2005లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మొదలగు చోట్ల పరిశోధకులు ఆటగాండ్రు ఆడుచుండగనే ఒక ఆట సర్వరును ఈ విధముగ తరలించినపుడు, అది ఆగిన కాలము 60 మిల్లీసెకండ్లు. ఆటగాండ్రకు తెలియనే లేదు. కాని ప్రతి తరలింపును ఇంత సుఖముగ జరుగదు. పుటలు వేగముగ మారుచున్న పెద్ద డేటాబేసుకు, దారి ఇరుకైన చోట, ఆగెడి కాలము సెకండ్లకు పెరుగవచ్చును. పూర్తిగా నిద్రపుచ్చి, కట్టగట్టి, వేరొక భవనమునకు తీసికొనిపోయి లేపినచో అది గంటలే కావచ్చును. నిద్రపోయిన మనిషి మేలుకొని, "నే నెంతసేపు పడుకొంటిని?" అని యడుగును. అతిథి యంత్రము అడుగదు. ఎవరును చెప్పనిచో, పడుకొన్న నిమిషమునుండియే లెక్క సాగించును.

ఇపుడు అసలు సంగతి. తరలింపు తరువాత గడియారము తప్పినదని ఫిర్యాదు వచ్చును. సామాన్యముగ జరుగునదేమి? ఎవరో లాగిన్ అయి, చేతివాచీ చూచి, గడియారమును సరిచేసి, "సరియైనది" అని వ్రాసి పోవుదురు. నా దృష్టిలో ఇంతకంటె అపకార మింకొకటి లేదు. రోగి నాడి చూడకయే జ్వరము దించు మాత్ర వేసినట్లు, రోగము దాగును, గుర్తు చెడును. గడియారమును తాకుటకు ముందు ఆ తప్పు యొక్క ఆకారమును చూడవలెను. సరియైన కాలముతో పోల్చి తేడాను వ్రాసికొనవలెను. అరగంట యాగి మరల వ్రాసికొనవలెను. ఆ రెండంకెలు చాలవరకు కారణము చెప్పును.

తేడా సరిగా అయిదు గంటల ముప్పది నిమిషము లున్నదనుకొందము. అరగంట తరువాతను అంతే యున్నది. ఇట్టిచో గడియారపు నడకలో దోషమే లేదు. ఏ స్ఫటికమును అంత చక్కగా అయిదున్నర గంటలు తప్పజాలదు. ఇది లెక్క పట్టుటలోని భేదము. లినక్స్ యంత్రములు సాధారణముగ తమ బ్యాటరీ గడియారము గ్రీనిచి లెక్కననుసరించు విశ్వకాలములో నున్నదని తలచును. విండోస్ యంత్రములు అది స్థానిక కాలములో నున్నదని తలచును. ఒక హైపర్‌వైజర్ చెంతనుండి మరియొక రకపు హైపర్‌వైజర్ చెంతకు పోయినపుడు, క్రొత్తది ఆ బొమ్మ గడియారమును ఒక లెక్కలో చూపగా అతిథి వేరొక లెక్కలో చదివినచో, సరిగా భారత కాలమునకును విశ్వకాలమునకును గల 5.30 గంటల తేడా వచ్చును.

ఇది మనవారికి బోధపరచుటకు ఇంజనీరు అక్కరలేదు, పంచాంగము చాలును. బెజవాడకో, హైదరాబాదుకో గుణించిన పంచాంగమును మనము ఢిల్లీకి తెచ్చుకొందుము. అందులో తిథి ముగియు వేళ ఢిల్లీకైనను, బెజవాడకైనను ఒక్కటే. ఏలయనగా అది సూర్యచంద్రుల గతినిబట్టి యేర్పడిన క్షణము. సూర్యోదయమో, ఊరూరికి మారును. ఏది మారునో, ఏది మారదో యెరుగని వాడు రెంటికిని దేశాంతర సంస్కారము చేసి వ్రతము తప్పించుకొనును. యంత్రమునందును క్షణము ఒకటే. మారునది దానిని వ్రాసెడు లెక్క. ఆతిథేయములన్నియు, అతిథులన్నియు బొమ్మ గడియారమును ఏ లెక్కలో చదువవలెనో ఒక నిర్ణయము చేసి, అతిథి యమరికలో వ్రాయవలెను. నిమిషపు ముల్లును అయిదున్నర గంటలు త్రిప్పినచో, మరునాడు యంత్రమును ఆపి లేపినపుడు తప్పు మరల వచ్చి కూర్చుండును.

వేరొక ఆకారము. తరలించిన క్షణమున తేడా లేదు. కాని అరగంటకు రెండున్నర నిమిషములు, గంటకు అయిదు నిమిషములు చొప్పున పెరుగుచున్నది. ఇది నడకలోని దోషము. పాత ఆతిథేయపు ప్రాసెసరులో లెక్కింపు సాధనము సెకండునకు 240 కోట్లు లెక్కించెడిదనియు, క్రొత్తదానిలో 260 కోట్లు లెక్కించుచున్నదనియు అనుకొందము. అతిథి మేల్కొనినపుడు నేర్చుకొన్నది పాత లెక్క. క్రొత్త యింటిలో 260 కోట్లు లెక్కకు రాగా, సెకండు దాటి ఇంకను పండ్రెండవ వంతు గడచెనని అది భ్రమించును. గంటలో పండ్రెండవ వంతు అయిదు నిమిషములు. ఇట్లు జరుగకుండ వేగమును సర్దిచెప్పు సదుపాయము ఇటీవలి ప్రాసెసరులలోనే అమర్చియున్నారు. పైన చెప్పిన కె.వి.ఎం. పుట వంటి పద్ధతులును ఈ బాధను తప్పించును. కాని పాత యంత్రములు, క్రొత్త యంత్రములు కలిసియున్న చోట, అతిథి నేరుగా టి.ఎస్.సి.ని నమ్ముచున్నచో ఈ దోషము కనబడవచ్చును. అతిథి ప్రస్తుతము ఏ సాధనమును నమ్ముచున్నదో లినక్స్‌లో ఒక చిన్న ఫైలు చదివి తెలిసికొనవచ్చును. టి.ఎస్.సి. నిలుకడగ లేదని దానికే తోచినపుడు, ఆ మాట లాగులో వ్రాసికొని వేరొక సాధనమునకు మారును. ఆ పంక్తికై వెదకుడు.

మూడవది, తరలించిన క్షణమున ఒక్కసారి వెనుకబడి, తరువాత సమముగ నడచుట. ఇది నిద్రకాలము లెక్కకు రాకపోవుట. దీనికి మందు సులభము గనుక ఎక్కువ చెప్పను. అతిథిలో కాలమును దిద్దు ప్రోగ్రాము చక్కగా నున్నచో 60 మిల్లీసెకండ్లు నిమిషములలో కలిసిపోవును. గంటలే యైనచో మన చేయి పడవలెను. దానిని తరువాత చెప్పెదను.

ఈ దిద్దుబాటు ప్రోగ్రాములను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఎన్.టి.పి. అను పద్ధతిని అమెరికాలో డేవిడ్ మిల్స్ అను ఆచార్యుడు రూపొందించెను. 1985 నాటి పత్రములో ఆ పేరు గలదు. దూరమున నున్న సరియైన గడియారమును ప్రశ్నించి, ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు పట్టిన కాలమును తీసివేసి, తన తేడాను తెలిసికొనుట దాని సారాంశము. తేడా తెలిసిన తరువాత దిద్దుట రెండు విధములు. ముల్లును ఒక్కసారి త్రిప్పుట యొకటి. నడకను కొంచెము హెచ్చించియో తగ్గించియో క్రమముగ కలుపుట రెండవది. పాత ఎన్.టి.పి. ప్రోగ్రాము సాధారణముగ 128 మిల్లీసెకండ్లలోపు తేడాను రెండవ విధమున కలుపును. దాటినచో ముల్లు త్రిప్పును. 1,000 సెకండ్లు మించిన తేడా కనబడినచో, "ఇది నాకు మించిన పని" యని విరమించి ప్రోగ్రామే ఆగిపోవును. దాని వినయము మెచ్చదగినదే గాని, ఆగినదని తెలియనివారికి చిక్కు. క్రోనీ అను క్రొత్త ప్రోగ్రాము స్వభావము వేరు. పెక్కుచోట్ల దాని అమరిక ఎట్లుండుననగా, మొదలైన తరువాత మొదటి మూడు దిద్దుబాట్లలోనే ముల్లు త్రిప్పును. అటుపిమ్మట ఎంత పెద్ద తేడా వచ్చినను నడక మార్చియే కలుపును. ఆ నడక మార్పు పండ్రెండవ వంతుకు మించనీయదు. అనగా ఒక నిమిషపు తేడా పోవుటకు కనీసము 12 నిమిషములు, ఒక గంట తేడా పోవుటకు కనీసము 12 గంటలు పట్టును. ఈ లెక్కను దయచేసి గుర్తుంచుకొనుడు.

నాలుగవ ఆకారమును ఒక కథగా చెప్పెదను. ఒకానొక కార్యాలయములో, పేరు అనవసరము, శాఖాపరీక్షకు దరఖాస్తులు తెరమీద స్వీకరించుచుండిరి. చివరి దినము సాయంకాలము 5 గంటలకు గడువు. దూరప్రాంతపు స్టేషనులో పనిచేయు ఒక స్టెనోగ్రాఫరు 4 గంటల 57 నిమిషములకు పంపగా గడువు దాటినదని తెర చెప్పెను. ఆమెకు వయఃపరిమితినిబట్టి అదియే ఆఖరి అవకాశము. ఆమె అర్జీ పెట్టుకొన్నది. మరునాటి ఉదయము సర్వరు గడియారమును పరీక్షింపగా సెకండు తప్పు లేదు. "అర్జీదారు వాచీ తప్పియుండవచ్చును" అని ఒక నోటు తయారై, నా బల్లమీదికి వచ్చెను. ఇంతలో మరి ఇద్దరి అర్జీలు వచ్చినవి. మూడు ఊళ్లలో మూడు వాచీలు ఒకే సాయంకాలము, ఒకే వైపునకు తప్పుటయా యని నాకు సందేహము కలిగెను.

అదృష్టవశమున ఆ సర్వరునకు ముందు ద్వారపాలకునివలె వేరొక యంత్ర ముండెను. వచ్చిన ప్రతి అభ్యర్థనయు దానిని దాటియే పోవలెను. అది వర్చువల్ కాదు. దానిని ఎవరును కదల్చలేదు. దాని గడియారము సరిగా నున్నది. రెండు యంత్రముల లాగులను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే అభ్యర్థన యొక్క రెండు ముద్రలకు నడుమ తేడాను ఒక యువ ఇంజనీరు గళ్ల కాగితముపై గుర్తించెను. మధ్యాహ్నమువరకు తేడా సున్న. 4 గంటల 46 నిమిషములకు సర్వరు ఒక్కగంతున 4 నిమిషముల 40 సెకండ్లు ముందునకు దూకినది. అటుపిమ్మట ఏటవాలుగ దిగివచ్చి, గంటకు పైచిలుకు కాలములో మరల సున్నకు చేరినది. పూర్వపు దినములలోను అట్టి రంపపు పండ్లు రెండుమూడు కనబడినవి. 280 సెకండ్ల తేడా పండ్రెండవ వంతు చొప్పున తరుగుటకు పట్టునది 3,360 సెకండ్లు, అనగా 56 నిమిషములు. తప్పును గమనించుటకు పట్టిన కాలము దానికి తోడు. కాగితముమీది ఏటవాలు ఈ లెక్కకు సరిపోయెను.

కారణము తరువాత తేలినది. చివరి దినపు రద్దీకి, బరువును సమముగ పంచుటకై, హైపర్‌వైజర్ తనంతట తానే ఆ సర్వరును వేరొక ఆతిథేయమునకు తరలించినది. క్రొత్తగ కొన్న ఆ ఆతిథేయమును ఎన్.టి.పి.కి కలుపలేదు. దాని గడియారము 4 నిమిషముల 40 సెకండ్లు ముందున్నది. తరలింపు పూర్తికాగానే అతిథిలో నున్న సహాయక ప్రోగ్రాము, తనకు విధించిన ప్రకారము, ఆతిథేయపు వేళను తెచ్చి అతిథికి ఒకసారి పెట్టినది. తరువాత అతిథిలోని దిద్దుబాటు ప్రోగ్రాము, తనకు విధించిన ప్రకారము, తప్పును మెల్లగ తీసివేసినది. ఇద్దరును తమ ధర్మమును నెరవేర్చినవారే. కాలము చెప్పుటకు ఇద్దరు యజమాను లుండుటయే దోషము. అర్జీ వచ్చి, ఎవరో పరీక్షించు సమయమునకు గుర్తు మాసిపోవుచున్నది. ఒకరిద్దరు ఉద్యోగులు ముందు వారము అట్టి తేడా చూచి చేతితో గడియారము దిద్దియుండిరి. వారు దిద్దిన చోటులలో కాగితముమీది గీత అడ్డదిడ్డమై అర్థము కాకపోయెను.

చరిత్ర చదివిన నాకు ఈ సంగతి పాత రైలు ప్రయాణమును తలపించినది. బొంబాయి కాలము గ్రీనిచికి సుమారు 4 గంటల 51 నిమిషములు ముందు. కలకత్తా కాలము సుమారు 5 గంటల 53 నిమిషములు ముందు. రైల్వేలు చాలకాలము మద్రాసు కాలమును పాటించినవి. 1906 జనవరి 1న దేశమంతటికిని ఒకే ప్రామాణిక కాలము ఏర్పడినను కలకత్తా 1948 వరకును, బొంబాయి సుమారు 1955 వరకును తమ కాలమును విడువలేదు. ఆ ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ, ఉత్తరమున మీర్జాపూరు ప్రక్కగ వచ్చి, మన తెలుగుదేశములో తుని దాపున సముద్రములో దిగుచున్నది. ఒక ఊరిలో రెండు గడియారము లున్నంత కాలము రైలు తప్పినవాని తప్పెవరిదో తేల్చుట యెంత కష్టమై యుండునో ఊహించుకొనుడు.

చికిత్స ఆతిథేయముతో ప్రారంభింపవలెను. క్రొత్త యంత్రము కొన్ననాడే, దానిమీద ఒక్క అతిథినైనను దింపకముందే, దాని గడియారము సరియైన మూలమునకు కలుపబడినదా యని చూడవలెను. మూలము కొరకు మనము దూరము పోనక్కరలేదు. మన ఢిల్లీలోనే, పూసా ప్రాంతమున, జాతీయ భౌతిక ప్రయోగశాల యున్నది. మనలో కొందరు ప్రతిదినము ఆ గోడ ప్రక్కగనే కచేరీకి పోవుచుందురు. భారత ప్రామాణిక కాలమును నిలుపు సీసియం గడియారములు అందు గలవు. 1967నుండి సెకండనగా సీసియం పరమాణువు వెలువరించు ఒకానొక వికిరణము 919,26,31,770 మారులు కంపించు కాలము. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశములలో, ప్రభుత్వ సంస్థలతో సహా అందరును తమ కంప్యూటరు వ్యవస్థల గడియారములను ఈ ప్రయోగశాల యొక్కగాని, జాతీయ సమాచార కేంద్రము యొక్కగాని ఎన్.టి.పి. సర్వరులకో, వానితో ముడిపడిన సర్వరులకో కలుపవలెనని యున్నది. లాగులను 180 దినములు భద్రపరుపవలెనని కూడ అందే యున్నది. పై కథలో లాగులు లేకున్నచో గళ్ల కాగితము ఖాళీగ నుండెడిది.

ఆతిథేయము కుదిరిన పిదప అతిథికి యజమానిని ఒక్కనినే నియమింపవలెను. అతిథిలో ఎన్.టి.పి. ప్రోగ్రాము నున్నచో సహాయక ప్రోగ్రాము చేయు కాలపు దిద్దుబాటును ఆపవలెను. ఇక్కడ ఒక మెలిక గలదు. నిమిష నిమిషమునకు దిద్దు ఏర్పాటును ఆపినను, తరలింపువంటి సందర్భములలో ఒక్కసారి దిద్దు ఏర్పాటు వేరుగ మిగిలియుండవచ్చును. దానికి అమరిక వేరు. పై కథలో జరిగినది ఇదియే. మొదటిదానిని ఎన్నడో ఆపిరి, రెండవది యున్నట్లు ఎవరును చూడలేదు.

ఇక పెద్ద తేడా వచ్చినపుడు, ముల్లు త్రిప్పక తప్పనపుడు, ముందునకు త్రిప్పుటకును వెనుకకు త్రిప్పుటకును చాల భేదము గలదు. ముందునకు త్రిప్పినచో కొంత కాలము లేనట్లగును, గడువులు ఒక్కసారి ముగిసి కొందరి లాగిన్‌లు తెగును. వెనుకకు త్రిప్పినచో ఒకే నిమిషము రెండుమారులు వచ్చును. జవాబు ప్రశ్నకంటె ముందు వ్రాసినట్లు ఫైలులో నిలిచిపోవును. కావున మొదట సేవలను ఆపవలెను. తరువాత ముల్లును వెనుకకు త్రిప్పవలెను. ఆ పిమ్మట సర్వరు వేసిన చిట్టచివరి ముద్ర యొక్క వేళను సరియైన కాలము దాటువరకు వేచియుండి, అప్పుడే సేవలను లేపవలెను. నాలుగు నిమిషములు తలుపు మూసియుంచుట ఎవరికిని అవమానము కాదు. ఈ తేడాలను చూచి లాగిన్ వ్యవస్థలును మొరాయించునని ఎరుగుడు. విండోస్ కార్యాలయములలో వాడు కెర్బరోస్ పద్ధతి సాధారణముగ 5 నిమిషములు మించిన తేడాను సహింపదు. ఫోనులో పుట్టు అంకెల సంకేతము సాధారణముగ 30 సెకండ్లకొకసారి మారుచుండును. కావున గడియారమును గూర్చిన మొదటి ఫిర్యాదు, "నా పాస్‌వర్డు పనిచేయుట లేదు" అను రూపమున వచ్చుట కద్దు. ఆ ఫిర్యాదును విన్నపుడు, నిన్న ఏమైన తరలించితిరా యని యొక మాట అడుగుడు.

మిగిలినది తప్పు ముద్రల సంగతి. గడియారము కుదిరిన తరువాత, తప్పుగ పడిన ముద్రలను దిద్దవలెనని కొందరు ఉబలాటపడుదురు. నేను దానికి ఒప్పుకొనను. వ్రాతలో తప్పు వచ్చినపుడు దానిని గోకివేయక, గీత గీసి ప్రక్కన వ్రాసి సంతకము చేయుట మన కచేరీల మర్యాద. యంత్రపు ముద్రకును అదియే మర్యాద. ఏ వేళనుండి ఏ వేళవరకు, ఎన్ని సెకండ్లు, ఏ వైపునకు తప్పినదో ఒక పట్టిక వ్రాసి, గళ్ల కాగితముతో సహా ఫైలులో చేర్చితిమి. ద్వారపాలక యంత్రపు లాగును ప్రమాణముగ గైకొనగా, నిజముగ 5 గంటలలోపు పంపి నిరాకరింపబడినవారు ఏడుగురని తేలెను. అర్జీ పెట్టినవారు ముగ్గురే. మిగిలిన నలుగురు తమదే ఆలస్యమని తలచి యూరకుండిరి. వారికిని మేమే జాబులు వ్రాసితిమి. 5 గంటలు దాటి పంపిన ఇద్దరును ఈ సందడిలో తమ దరఖాస్తులను కూడ గైకొమ్మని కోరిరి. వారికి వీలుకాదని వ్రాయవలసివచ్చెను. స్టెనోగ్రాఫరు దరఖాస్తు 4 గంటల 57 నిమిషముల 12 సెకండ్లకు అందినట్లు స్వీకరింపబడినది. ఆమె హాల్ టికెట్టు పరీక్షకు ఆరు దినములు ముందుగ బయలుదేరినది.